ముప్పై సెకన్ల నిశ్శబ్దం

సౌండ్ రికార్డిస్టు లిఫ్టు గుంతలో శవమై దొరికాడు. జేబులు ఖాళీగా ఉన్నాయి. ఎడమకాలి మేజోడులో మాత్రం చుట్టచుట్టి దాచిన టేపు ముక్క ఉంది.

సీక్రెట్ సర్వీసు ఆఫీసులో పెద్దాయన దాన్ని మెషీన్‌కి ఎక్కించి వినిపించాడు.

"ఏం వినిపించిందోయ్ కుందేలూ?"

"ఏమీ లేదు సార్. ముప్పై సెకన్లూ ఖాళీ."

"ఆ ఖాళీ కోసమే మన మనిషిని చంపారు."

కుందేలు అసలు పేరు ఆఫీసు ఫైళ్లలో కూడా లేదు. ఈ ఉద్యోగానికి ముందు డబ్బింగ్ థియేటర్లో ఆరేళ్లు పనిచేశాడు. ఎవరి గొంతు ఎక్కడ వణికిందో ఇట్టే పట్టేసే చెవులు కాబట్టి ఆ పేరు స్థిరపడిపోయింది.

పెద్దాయన బ్రీఫింగ్ మొదలుపెట్టాడు. "మనవాడు పనిచేసిన రేడియో స్టూడియోలో వారానికో ఇంటర్వ్యూ. ప్రపంచ రాజకీయాల్ని తిప్పేవాళ్లంతా వచ్చి గంటసేపు మనసు విప్పుతారు. పోయిన వారం రాయబారి వచ్చాడు. యుద్ధం ఆపించిన ఆయనే. రేపు పదింటికి ఒప్పందం మీద సంతకం. ఇవాళ ఆయన్ని మళ్లీ పిలిచారు. రెండు ప్రశ్నలు మిగిలిపోయాయట."

"ఎవరెవరుంటారు?"

"ప్రొడ్యూసర్, ప్రశ్నలడిగే మేడమ్. ఒకరు శత్రువుల ఏజెంటు. ఇంకొకరు వాళ్లలో కలిసిపోయి మనకి పనిచేస్తున్నవాళ్లు. ఎవరు ఎవరో తెలిసినవాడు లిఫ్టు గుంతలో పోయాడు. కొత్త రికార్డిస్టుగా నువ్వు వెళ్తున్నావు."

పెద్దాయన ఒక చేతి గడియారం ఇచ్చాడు. బటన్ నొక్కితే అందులోని అయస్కాంతం టేపు మీదున్నదంతా తుడిచేస్తుంది.

"టైమ్ చూపిస్తుందా సార్?"

"అదొక్కటే చెయ్యదు."

కుందేలు నవ్వలేకపోయాడు. అతని తమ్ముడు సరిహద్దులో మొట్టమొదటి చౌకీలో కాపలా కాస్తున్నాడు. ఒప్పందం చెడితే తొలి తూటా పడేది అక్కడే.

పదకొండున్నరకి స్టూడియోలో అందరూ ఎవరి చోట్లో వాళ్లు కూర్చున్నారు. అద్దానికి అవతల రాయబారి, మేడమ్. ఇవతల కంట్రోల్ రూమ్‌లో టేపు మెషీన్ల ముందు కుందేలు, అతని పక్కనే ప్రొడ్యూసర్. ప్రొడ్యూసర్ చాలా మర్యాదస్తుడు. కుందేలుకి స్వయంగా కుర్చీ జరిపాడు. అంత మర్యాద కుందేలుకి నచ్చలేదు.

మేడమ్ అంతకన్నా నచ్చలేదు. అందగత్తె, పైగా ఆ సంగతి తెలిసిన మనిషి. ఆమె చేతికి చిన్న చిన్న మువ్వల బ్రేస్‌లెట్ ఉంది. పదకొండేళ్లుగా మైకు ముందు కూర్చునే మనిషి గలగలలాడే నగ పెట్టుకొస్తుందా? అవతల ఎవరికో సంకేతం ఇస్తోందని అతను లెక్క కట్టాడు.

"చర్చల్లో అన్నిటికంటే కష్టమైన పని ఏమిటండీ?" అని ఆమె అడిగింది.

"నోరు మూసుకోవడమమ్మా," అన్నాడు రాయబారి. "నేను ఊరుకుంటే అవతలివాడే అసలు మాట చెప్పేస్తాడు."

"శాంతి వచ్చిందని ఎలా తెలుస్తుంది?"

"కాపలా జవానుకి విసుగు పుట్టాలి. అప్పుడు వచ్చినట్టు."

ప్రొడ్యూసర్ మైకు మీదికి వంగాడు. "చాలా బాగుంది సార్. ఇప్పుడు ముప్పై సెకన్లు ఎవరూ కదలకండి. రూమ్ టోన్ తీసుకుంటాం."

డబ్బింగ్‌లో కుందేలు వందలసార్లు చేసిన పనే ఇది. ఏ గది నిశ్శబ్దం ఆ గదిదే, అందులో కూర్చున్న మనుషుల ఊపిరితో సహా. టేపు కోసి మాటలు అతికితే మధ్యలో గుంటలు వినిపిస్తాయి. వాటిని ఆ గది నిశ్శబ్దంతో పూడ్చితే అతుకు ఎవరికీ తెలీదు. పోయిన వారం తీసిన నిశ్శబ్దమే మేజోడులో దొరికింది.

పన్నెండో సెకనులో మువ్వలు గల్లుమన్నాయి.

"మళ్లీ తీద్దాం," అన్నాడు ప్రొడ్యూసర్.

ఇరవయ్యో సెకనులో మళ్లీ గల్లుమన్నాయి.

"మేడమ్, అది తీసి బల్లమీద పెట్టండి." ఈసారి గొంతులో మర్యాద లేదు.

అతను అద్దం వైపు తిరిగి ఉండగా కుందేలు మెషీన్ల పక్కన బల్లమీద పరిచి ఉన్న న్యూస్ పేపర్ అంచు ఎత్తాడు. కింద వరసగా టేపు ముక్కలు అంటించి ఉన్నాయి. ఒక్కోదాని పక్కన తెల్ల పెన్సిల్‌తో, పోయిన వారం రాయబారి నోట వచ్చిన ఒక్కో మాట. 'ఒప్పందం'. 'బూటకం'. 'సంతకం'. 'పెట్టను'.

కుందేలు అద్దంలోంచి మేడమ్‌ని చూశాడు. ఆమె బ్రేస్‌లెట్ కొక్కేన్ని ఎంతకీ విప్పడం లేదు. ఆమె పని చెడగొడుతున్నది కావాలనే. ఇంతసేపూ తప్పు మనిషిని అనుమానించినందుకు అతనికి సిగ్గేసింది.

మూడోసారి నిశ్శబ్దం దొరికింది. ప్రొడ్యూసర్ కత్తెర, జిగురు టేపు తీసుకుని నాలుగు నిమిషాల్లో ముక్కలన్నీ అతికి మెషీన్‌కి ఎక్కించాడు. పన్నెండు గంటల వార్తలకి లైను తెరుచుకోవడానికి ఇరవై సెకన్లున్నాయి.

"సార్, రీలు వదులుగా ఉంది. బిగించనా?" అన్నాడు కుందేలు, పనివాడి అమాయకత్వంతో.

"త్వరగా కానియ్."

కుందేలు గడియారం చెయ్యి రీలు మీద ఆనించి, బటన్ నొక్కి, నెమ్మదిగా ఒక చుట్టు తిప్పాడు. మూడు సెకన్లుండగా చెయ్యి తీశాడు. ఎర్రదీపం వెలిగింది. ప్రొడ్యూసర్ మీట నొక్కాడు.

స్పీకర్లోంచి సుయ్‌మని ఒక్క శబ్దం తప్ప మరేమీ రాలేదు.

ప్రొడ్యూసర్‌కి విషయం అర్థమై పిస్టల్ తీసేలోపు తలుపు తెరుచుకుంది. ఇనప మైకు స్టాండు అతని నెత్తిన పడింది. దాన్ని పట్టుకున్నది మేడమ్.

"పోయిన వారం ఆ నిశ్శబ్దం ముక్క కోసి దాచమని పాత రికార్డిస్టుకి చెప్పింది నేనే," అంది ఆమె. తరవాత గోడకి ఆనుకుని ఏడ్చింది. కుందేలు మంచినీళ్ల గ్లాసు అందించాడు.

మర్నాడు పదింటికి సంతకాలయ్యాయి. పదకొండింటికి సరిహద్దు నుంచి తమ్ముడి ఫోన్ వచ్చింది.

"ఇక్కడ ఒక్క చప్పుడు లేదన్నయ్యా. పొద్దుట్నుంచీ తెగ విసుగ్గా ఉంది."

కుందేలు ఫోన్ చెవికి గట్టిగా ఆనించుకున్నాడు.

"బాగా విసుక్కోరా," అన్నాడు. "దానికే ఇక్కడ ఇంత హడావుడి."