థిన్నర్ గదిలో గిల్లే దెయ్యం

ఆ రంగుల ఫ్యాక్టరీలో పగలు అందరూ శూరులే. చీకటి పడితే మాత్రం, వెనక ప్రహరీని ఆనుకుని ఉన్న థిన్నర్ గది వైపు ఒక్కడూ తల తిప్పి చూడడు.

ఎందుకంటే — అక్కడ గిల్లుతుంది.

ఏది గిల్లుతుందో చూసినవాళ్లు లేరు. పీపా కుళాయి తిప్పి, కింద బకెట్టు పెట్టి, రంగుని పలచన చేసే ఆ థిన్నర్ పడుతూ ఉంటే... చీకట్లో చిన్న నీలికన్ను ఒకటి టప్పున తెరుచుకుని మూసుకుంటుంది. ఆ వెంటనే వేలికొస మీద చురుక్కుమని ఓ గిల్లుడు! ఇంకాసేపు నిలబడ్డారా, తల దిమ్మెక్కుతుంది, ఉన్న ఒక్క తలుపూ రెండవుతుంది. ఊడ్చే ఆయన రెండో తలుపులోంచి బయటికి రాబోయి గోడకి ముక్కు బద్దలుకొట్టుకున్నాడట.

గిల్లుతోంది కాబట్టి ఆడదెయ్యమే అని మిక్సింగ్ మగాళ్లు తేల్చేశారు. "ఏం, బస్సుల్లో మమ్మల్ని గిల్లేది ఆడవాళ్లేనా?" అని ప్యాకింగ్ ఆడవాళ్లు అడిగేసరికి ఆ చర్చ అక్కడితో ముగిసింది.

దెయ్యమన్నాక జాగ్రత్తలు ఉండాలిగా! గోడ అడుగున తూముల్లోంచి చల్లటి ఊపిరి వదులుతోందని, వాటిలో గోనెపట్టాలు కుక్కారు. పీపా నుంచి నేలలోకి దిగే తీగ పట్టుకునే పైకి పాకుతోందని, ఆ తీగ పీకేశారు. ఇనప బకెట్టులో కాపురం పెట్టిందని, ప్లాస్టిక్ బకెట్టు కొన్నారు. విచిత్రం ఏమిటంటే — ఒక్కో జాగ్రత్తకీ దెయ్యం ఇంకాస్త బలిసింది.

చివరికి రాత్రి షిఫ్టువాళ్లు ఆ గడప తొక్కం పొమ్మన్నారు. ఓనరు తల పట్టుకున్నాడు. "ఇవాళ రాత్రి ఆ గదిలోంచి థిన్నర్ తెచ్చి షిఫ్టు నడిపించినవాడే నా ఫోర్‌మన్" అని ప్రకటించాడు.

ముందుకొచ్చినవాడు పులి. ఆ పేరు అతనికి అతనే పెట్టుకున్నాడు. మిగతావాళ్లు మొహమాటం కొద్దీ వాడుతున్నారు. సాయంత్రమే భార్య పుట్టింటికి ఫోన్ చేసి, "ఈయన ఫోర్‌మన్ అయ్యారు" అని చెప్పేసింది కూడా. ఇక వెనక్కి తిరిగే దారి లేదు పాపం.

గది తాళం పులి వదిన దగ్గర ఉంటుంది. ఆవిడ అక్కడ స్టోర్ కీపర్. కాలు విరిగి నెలల తరబడి ఇంట్లో ఉండి, ఆ రోజే మళ్లీ పనిలోకి వచ్చింది.

"వదినా, తాళం."

"ఏం మరిదీ, పెళ్లికి వెళ్తున్నావా? ఆ మిలమిలలాడే జాకెట్టేమిటి?"

"నైలాన్. గిల్లితే గోరు దిగదు."

"అబ్బో! మరి ఆ జేబు ఉబ్బిందేం?"

"అది నా ఆయుధం. చెప్పకూడదు" అని తాళం లాక్కుని, ఛాతీ విరుచుకుని నడిచాడు. మలుపు తిరిగాక ఛాతీ మామూలుగా అయిపోయింది... ఇంకా కాస్త లోపలికే పోయింది.

తలుపు తీశాడు. ఘాటు వాసన — తియ్యగా, గొంతుకి అడ్డం పడేలా. గాలి కదలడం లేదు. బయటి దీపం వెలుగు కిటికీ అద్దంలోంచి వచ్చి, పీపాల మీద బూడిదలా పడి ఉంది.

బకెట్టు పెట్టాడు. కుళాయి తిప్పాడు.

సర్‌ర్‌ర్...

ఏమీ లేదు. నవ్వొచ్చింది. ఈ మాత్రం దానికా ఇంత గోల! కానీ నవ్వు ఆగడం లేదేమిటి? మోకాళ్లు తన మోకాళ్లలా లేవేమిటి? అటు చూస్తే తలుపు... రెండు తలుపులు.

కుళాయి కట్టబోయాడు.

టప్!

నీలికన్ను. చురుక్కున గిల్లుడు!

"అమ్మో!"

దెయ్యాలకి నిప్పంటే భయమని చిన్నప్పటి నుంచీ విన్నాడు. జేబులో చెయ్యి పెట్టాడు. లైటర్ బయటికి తీశాడు. బొటనవేలు చక్రం మీద ఆనించాడు...

వెనక నుంచి ఒక చెయ్యి వచ్చి మణికట్టు పట్టుకుంది.

"వెలిగించకు..." అని చెవిలో గుసగుస.

పులి వేసిన కేక ప్రహరీ అవతల కుక్కలకి కూడా వినిపించిందట.

ఆ చెయ్యి లైటర్ లాక్కుంది. కుళాయి కట్టేసింది. కాలర్ పట్టుకుని బరబరా బయటికి ఈడ్చుకొచ్చింది. దీపం కిందికి వచ్చాక చూస్తే — వదిన! కుంటుకుంటూ పరుగెత్తినందుకు రొప్పుతోంది.

"నీ వెనకే వచ్చాను. తూముల్లో గోనెలు చూశాక గుండె ఆగిపోయింది. ఎవర్రా కుక్కింది?"

"దెయ్యం... ఊపిరి..."

"నీ మొహం! థిన్నర్ ఆవిరి బరువు, నేలమీదే పాకుతుంది. అది పోవడానికే ఆ తూములు. మూసేస్తే లోపలే నిండి తలకెక్కింది. తీగేది?"

"పీకేశాం."

"ధార పడేటప్పుడు రాపిడికి పుట్టే కరెంటు ఆ తీగలోంచి నేలలోకి పోవాలి. నువ్వేమో తీగ పీకి, ప్లాస్టిక్ బకెట్టు పెట్టి, పైగా నైలాన్ తొడుక్కుని వెళ్లావు. ఆ కరెంటుకి వేరే దారి లేక నీ వేలు దొరికింది. మీరంతా కన్ను అంటున్నది నిప్పురవ్వ, మరిదీ."

"మరి... పగలు గిల్లదేం?"

"పగలూ గిల్లుతుంది. అప్పుడు మేకు గుచ్చుకుందనుకుంటారు."

పులి వేలికొస చూసుకున్నాడు. నిప్పురవ్వ. గది నిండా అంటుకునే ఆవిరి. దానికి తోడు తన చేతిలో లైటర్. దెయ్యమే అయి ఉంటే ఎంత బాగుండేది! అప్పుడు మొదలైంది అసలు వణుకు.

కేక విని ఓనరు వచ్చాడు. వదిన గబగబా అంతా చెప్పింది. ఇవాళ్టికి షిఫ్టు ఆపాలి, గది ఆరాలి, అంది.

"అంటుకుందా?" అన్నాడు ఓనరు.

"ఇంకా లేదు సార్."

"అంటుకోనిదానికి షిఫ్టు ఆపడమేమిటమ్మా? లోకంలో తూముల కోసం ఎవరైనా పని ఆపుతారా? దెయ్యమంటే ఓ అర్థం ఉంది. దెయ్యం లేదని తేలిందిగా, మంచిదే! పులీ, ఆ మాటే అందరికీ చెప్పి లోపలికి తీసుకెళ్లు. రేపటి నుంచి నువ్వే ఫోర్‌మన్‌వి."

దూరంగా రాత్రి షిఫ్టంతా గుంపు కట్టి నిలబడి ఉంది. అందరి కళ్లూ పులి మీదే. లేదు అని ఒక్క మాటంటే చాలు, వీళ్లంతా ఆ గదిలోకి నడుస్తారు. ముందు వరసలోనే ఊడ్చే ఆయన, ముక్కుకి కట్టుతో.

పులికి అత్తారింటికి వెళ్లిన ఫోన్ గుర్తొచ్చింది.

"ఉంది!" అని అరిచాడు. "కళ్లారా చూశాను. నేను పులినీ కాదు, పిల్లినీ కాదు. భయపడి చచ్చాను. ఎవరూ రాకండి!"

గుంపు ఒక్కసారిగా నాలుగడుగులు వెనక్కి వేసింది. వాళ్లతో పాటు ఓనరూ వేశాడు.

"ఇ... ఇప్పుడే కదయ్యా లేదన్నారు?"

"మా వదిన చదువుకుంది కాబట్టి అలా చెప్పింది సార్. నాతో అది మాట్లాడింది. ఊపిరాడటం లేదు, తూములు తెరవమంది. తీగ ఎక్కడిదక్కడ పెట్టమంది. ప్లాస్టిక్ బకెట్టు కనిపిస్తే ఊరుకోనంది. ఇంకోసారి ఎవడైనా లైటర్ తెస్తే..."

ఆ మాట పూర్తి చెయ్యలేకపోయాడు. అది మాత్రం నటన కాదు.

"షిఫ్టు లేదు! ఇళ్లకి పొండి!" అన్నాడు ఓనరు. బయటి వైపు నుంచి మొదటి గోనెపట్టా లాగింది కూడా ఆయనేనట — ముఖం అటు తిప్పుకుని, వేళ్ల చివర్లతో.

జనం సర్దుకున్నాక ఓనరు వదిన దగ్గరికి వచ్చి గొంతు తగ్గించాడు. "అమ్మా... ఇంకేమైనా అడిగిందా?"

వదిన మరిది వైపు చూసింది. మరిది నేల చూశాడు.

"అడిగింది సార్. గాలి లాగే ఫ్యాను. నిప్పురవ్వలు రాని రకం. నేను ఏళ్లుగా అడుగుతూ వస్తున్నదే."

అన్నేళ్లూ ఆవిడతో "చూద్దాంలే" అన్న మనిషి, మూసి ఉన్న తలుపు వైపు తిరిగి, వినయంగా —

"రేపు పొద్దున్నే తెప్పిస్తానండీ" అన్నాడు.