ధనిష్ఠలో పోయిన దుర్గమ్మ గది

అశోక్‌నగర్‌లో, గ్రూప్స్‌కు చదివే పిల్లల హాస్టళ్ల నడుమ ఒక సందు ఉంది. ఆ సందు చివర, పై అంతస్తు హాస్టల్‌కు అద్దెకిచ్చిన ఇంట్లో, ఒక గది ముందు నుంచి చీకటి పడ్డాక ఎవరూ ఒంటరిగా నడిచేవారు కాదు — ఆ ఇంటివాళ్లతో సహా.

మూసిన ఆ గదిలోంచి శవం కంపు వచ్చేదట. కంపు ఒక్కటే అయితే ఫినాయిల్ చల్లుకుని ఊరుకునేవారు. అర్ధరాత్రి నేల లోపల్నుంచి ఎవరో... హుఁ... అని నిట్టూర్చేవారట.

ఆ గది దుర్గమ్మది. రెండువేల పదకొండు జూన్‌లో ఆ ముసలమ్మ అక్కడే, ధనిష్ఠా నక్షత్రంలో కన్ను మూసింది. ధనిష్ఠలో పోయిన చోటు ఆర్నెల్లు మూసెయ్యాలన్నాడు పంతులు. కొడుకు జగదీశ్వర్ కర్మలు ముగియగానే గదికి తాళం వేశాడు. తల్లి బతికుండగా ఆమె చెప్పిన ఒక్క మాటా అంత శ్రద్ధగా వినలేదు మహానుభావుడు.

శ్రావణంలో కంపు మొదలైంది. మొదట ఎలుక చచ్చిందన్నారు. ఇల్లంతా వెతికినా ఎలుక దొరకలేదు. ఇక దొరికింది దుర్గమ్మే.

ఇది మురుగు పోయే మోరీ కంపు, గది తెరిచి చూద్దాం అని కోడలు విజయశ్రీ మొదటి రోజే చెప్పింది. ఆమె హైదర్‌గూడలో నల్లాలు బిగించే రాజేశం కూతురు. జగదీశ్వర్ ప్రేమించి చేసుకున్నాడు, ఆ తర్వాత ఆ సంగతి నలుగురిలో చెప్పడం మానేశాడు. ఆడబిడ్డ సంయుక్త ముక్కు మీద చున్నీ తియ్యకుండానే అంది: “మోరీలు బాగుచేసేటాయన బిడ్డవు గద వదినా, నీకు అన్నీ మోరీలే కనబడతయి.”

జగదీశ్వర్ నవ్వాడు. ఆ ఇంట్లో విజయశ్రీని బిడ్డా అని పిలిచింది దుర్గమ్మ ఒక్కతే.

నిమ్మకాయలు కట్టారు. సాంబ్రాణి వేశారు. పూటకో కట్ట అగరుబత్తులు కాల్చారు. ఆ పొగకు అందరికీ దగ్గు పట్టుకుంది గానీ కంపు మాత్రం కదల్లేదు. చివరికి లోయర్ ట్యాంక్ బండ్ నుంచి బుగ్గయ్య అనే మంత్రగాణ్ని పట్టుకొచ్చారు. పెత్రమాస నాడు గడపకు మేకు కొట్టి, దుర్గమ్మను సీసాలో బంధించి సాగర్‌లో పడేస్తానన్నాడు అతను. ఊరంతా పెద్దలకు బియ్యమిచ్చే అమాస అది. వీళ్లు కన్నతల్లికి మేకు కొట్టడానికి అదే ముహూర్తం ఖాయం చేసుకున్నారు.

విజయశ్రీకి ఒళ్లు మండిపోయింది. తెల్లవారితే అమాస అనగా, ఆ రాత్రి అందరూ పడుకున్నాక దేవుడి గూట్లోంచి తాళంచెవి తీసుకుంది.

సకలజనుల సమ్మె రోజులు. కరెంటు ఎప్పుడో పోయింది. ఒక చేతిలో సెల్‌ఫోన్ టార్చి, ఇంకో చేతిలో వెలిగించిన అగరుబత్తి... భయం వెయ్యలేదని కాదు. వేసింది.

“అత్తమ్మా, నేను... విజయను.”

తలుపు తెరుచుకుంది.

మంచం కింద వంగి చూసింది — ఏమీ లేదు. బీరువా వెనక చూసింది — ఏమీ లేదు. గదికి ఆనుకునే బాత్రూం. తలుపు తోయగానే కంపు ముఖాన కొట్టింది. కొంగు అడ్డం పెట్టుకుని లోపలికి అడుగేసింది.

పై అంతస్తు హాస్టల్లో ఎవరో ఫ్లష్ నొక్కారు. గోడలోని పైపు గడగడమంటూ కిందికి దిగి... ఆగిపోయింది.

హుఁ...

సరిగ్గా ఆమె కాళ్ల దగ్గర. నేలలోంచి.

అగరుబత్తి పొగ చటుక్కున పక్కకు వంగింది. విజయశ్రీ పారిపోబోయి గడపలో ఆగింది. అలా నిలబడిపోయే ఒక సంగతి ఆలోచించింది — దెయ్యమైతే హాస్టల్ పిల్లలు ఫ్లష్ నొక్కేదాకా ఎందుకు ఆగుతుంది?

మోకాళ్ల మీద కూర్చుని అగరుబత్తిని నీళ్లు పోయే నేలమీది జాలీ దగ్గర పెట్టింది. పొగను కింద నుంచి ఎవరో ఊదుతున్నట్టే ఉంది. జాలీ ఎత్తి, లోపలికి టార్చి కొట్టింది.

చుక్క నీళ్లు లేవు. అడుగు ఎండిపోయి పొక్కులు లేచింది.

జాలీ కింద చిన్న గుంత ఉంటుంది. స్నానం చేసిన నీళ్లు కాసిని ఎప్పుడూ అందులో నిలిచి ఉంటాయి. మోరీ గాలి పైకి రాకుండా ఆ నీళ్లే మూత. గది మూసి మూడు నెలలైంది, చెంబెడు నీళ్లు పోసిన వాళ్లు లేరు. ఆ నీళ్లు ఆరిపోయాయి, మోరీ గాలి నేరుగా ఇంట్లోకి వచ్చింది. పైన ఫ్లష్ నొక్కినప్పుడల్లా ఆ గాలే హుఁ అని పైకి తన్నేది. బకెట్ నీళ్లతో పోయేదానికి కన్నతల్లిని కాటికి పంపినా వదలక దెయ్యాన్ని చేశారు — చదువుకున్న దద్దమ్మలు.

బకెట్ కోసం బయటికొస్తే, హాల్లో జగదీశ్వర్ నిలబడి ఉన్నాడు. నలభై రెండేళ్ల మగాడు, చెల్లెలి వెనక.

“అమ్మ... అమ్మ ఏమన్న అన్నదా?”

జాలీ సంగతి చెబుదామని నోటిదాకా వచ్చింది. ఆ ముఖం చూశాక చెప్పబుద్ధి కాలేదు.

“అన్నది. దూపైతుందట. మూడు నెలల సంది ఒక్కలు గూడ నీళ్లు పొయ్యలేదట.”

సంయుక్త గోడకు చేరగిలబడిపోయింది. జగదీశ్వర్ వంటింట్లోకి ఉరికి బకెట్ నింపుకొచ్చాడు. గడప దగ్గర ఆగిపోతే విజయశ్రీ రెక్క పట్టి లోపలికి తీసుకుపోయి జాలీ చూపించింది. అతను వంగి, సగం కాళ్ల మీద ఒంపుకుంటూ పోశాడు.

“తాగవే అమ్మా... తాగు,” అన్నాడు మోరీలోకి.

గుడగుడమన్నాయి నీళ్లు. కాసేపటికి పైన మళ్లీ ఫ్లష్ నొక్కారు. కింద ఏ నిట్టూర్పూ లేదు. తెల్లారేసరికి కంపు పోయింది. బుగ్గయ్యను గేటు దగ్గర్నుంచే పంపేసి, దుర్గమ్మ పేరిట బియ్యమిచ్చారు.

విజయశ్రీ ఇంతవరకూ అసలు సంగతి చెప్పలేదట. జగదీశ్వర్ రోజూ రాత్రి చెంబుతో ఆ గదికి పోతాడు, పోసి కాసేపు నిలబడతాడు, ఏవో నాలుగు మాటలు చెప్పుకుని వస్తాడు. తల్లి మంచాన పడి ఉన్న ఏడాదిలో ఆ గడప అతను తొక్కింది నాలుగుసార్లు.