ఇంట్లో మనుషులున్నారా?

క్రిస్మస్ సెలవులు ఇచ్చారంటే చాలు, కాలేజీ వీధి మీద నుంచి ఎవరో దుప్పటి లాగేసినట్టుంటుంది.

మొన్నటి దాకా ఆ వరస ఇళ్ళ ముందు సైకిళ్ళు, బీరు సీసాలు, ఒకరి గిటారుకి ఇంకొకరి తిట్లు. ఇప్పుడు వాన. పలకరాతి కప్పుల మీద వాన, కొండ మీద కాలేజీ బురుజు మీద వాన, అవతలి పొలంలో ఒకదాన్నొకటి ఆనుకుని నిలబడ్డ గొర్రెల మీద వాన. మధ్యాహ్నం టీ తాగి కప్పు కడిగేసరికి చీకటి. లాన్‌హెస్గెన్‌లో శీతాకాలం అంతే.

వరసలో మొదటిల్లు మెరెరిడ్‌ది. కాలేజీ క్యాంటీన్లో వడ్డించే పిల్ల. సెప్టెంబరులో మామ్మ పోయాక ఆ ఇంట్లో ఒక్కతే. పక్కింట్లో డిలిస్ పిన్ని. మిగతావన్నీ కుర్రాళ్ళకి అద్దెకిచ్చిన ఇళ్ళు. ఇళ్ళు వేరే గానీ అటక ఒకటే. కట్టినవాడు అడ్డగోడలు లేపకుండానే కప్పేశాడట. కుర్రాళ్ళు అటక మీంచి పాకి వెళ్ళి ఒకరి బిస్కెట్లు ఒకరు ఎత్తుకొచ్చేవాళ్ళు. వరస మొత్తం మీద ఎవరు తుమ్మినా మెరెరిడ్ మంచం మీదకే వినిపించేది. ఆ చప్పుళ్ళంటే ఆమెకిష్టం. అవి వింటూ నిద్రపోయేది.

డిలిస్ పిన్ని పొద్దున్నే కూతురింటికి బయలుదేరింది. వెళ్ళే ముందు ఖాళీ ఇళ్ళన్నీ తిరిగి దీపాలకి టైమర్లు పెట్టింది. చీకటి పడగానే వాటంతటవే వెలుగుతాయి, దొంగలు చూసి ఇంట్లో ఎవరో ఉన్నారనుకుంటారు.

"ఏమే పిల్లా, నాతో స్వాన్సీ రాకూడదూ? ఇంకో పక్క వేస్తే మా అమ్మాయి ఇల్లేం కూలిపోదు."

"వద్దులే పిన్నీ. నాకిక్కడే బాగుంటుంది."

"ఇక్కడ అంటే ఈ ఇంట్లోనా, ఆ చివరింట్లోనా?"

"ఛీ, పో పిన్నీ!"

"పోతున్నాలే. చెప్పేది విను. చదువుకునే కుర్రాళ్ళు వలస పిట్టలే. సెలవులిచ్చారంటే రెక్కలొస్తాయి."

చివరింట్లో గెథిన్ ఉంటాడు. కార్డిఫ్ నుంచి వచ్చాడు. కళ్ళజోడు, చిరిగిన స్వెటరు, నవ్వితే ఒక బుగ్గ మీదే సొట్ట. పండక్కి ఇంటికెళ్ళననీ, ఇక్కడే ఉండి థీసిస్ రాసుకుంటాననీ అన్నాడు. ఆ మాట పట్టుకునే మెరెరిడ్ నెల రోజులుగా గాల్లో నడుస్తోంది. మామ్మ లేని మొదటి పండగ. ఒక్కతే కూర్చోవాల్సిన పని లేదు. బల్ల మీద గొర్రె మాంసం, ఉల్లికాడలు వేసి ఉడికించిన కౌల్ పొగలు కక్కుతూ ఉంటే ఎదురుగా అతను, బయట వాన... అంతకంటే ఏం కావాలి?

ఆమె మొదటిసారి అతని పెరటి తలుపు తీసి, ఆ ఊళ్ళో అందరూ పిలిచినట్టే "ఇంట్లో మనుషులున్నారా?" అని కేకేసినప్పుడు, గెథిన్ సబ్బు చేతుల్తో పరుగెత్తుకొచ్చాడు.

"ఎవరది? ఏమైంది?"

"ఏమీ కాలేదయ్యా. ఇక్కడ తలుపు కొట్టం. అలా అడుగుతాం. నువ్వు 'లోపలికి రా' అనాలి."

"ఎవరో తెలీకుండానేనా? రాకూడని వాళ్ళైతే?"

"రాకూడని వాళ్ళు అడగరుగా!"

నేర్పినా అతనికి రాలేదు. ఎప్పుడు కేకేసినా "ఎవరది?" అనే అనేవాడు. వీధిలో కుర్రాళ్ళంతా అంతే. బయటివాళ్ళు.

పిన్ని వెళ్ళిన రోజు మధ్యాహ్నమే మెరెరిడ్ ఉల్లికాడలు కొనుక్కుని వస్తుంటే బస్టాపులో గెథిన్ కనిపించాడు. భుజాన సంచి.

"అమ్మ ఫోన్లో ఏడ్చేసింది, మెరెరిడ్. వెళ్ళకపోతే బాగోదు."

"కౌల్ పొయ్యి మీదుంది..."

"నా వంతు దాచిపెట్టు." నవ్వాడు. ఒక బుగ్గ మీద సొట్ట. బస్సొచ్చింది, ఎక్కేశాడు. కిటికీ లోంచి చెయ్యూపాడో అద్దం తుడిచాడో ఆమెకి తెలీలేదు.

ఇంటికొచ్చి పొయ్యి దగ్గర కూలబడింది. బయట గాలి మొదలైంది. వీధిలో దీపాలు ఒక్కొక్కటే వెలిగాయి. ఒక్క మనిషి లేని ఇళ్ళు... ఎవరో ఉన్నట్టు ఎంత బాగా నటిస్తున్నాయో! ఆమెకి ఏడుపొచ్చింది.

కిటికీ అవతల ట్రాక్టరొకటి ఆగింది. పై ఊరి రైతు కేకేశాడు.

"అమ్మాయ్! రోడ్డు మీద ఓక్ చెట్టు పడింది. బయటికి రాకు. బస్సు కూడా వెనక్కి తిరిగిందట!"

ఆమె గుండె ఒక్కసారి లేచి కూర్చుంది. వెనక్కి తిరిగిందా!

అంతలో కరెంటు పోయింది. నటిస్తున్న దీపాలన్నీ ఒక్కసారే ఆరిపోయాయి. నల్లటి వీధి, నల్లటి వాన.

ఒక్కచోట తప్ప.

ఆ వరస కొడవలిలా వంగి ఉంటుంది. మొదటింటి నుంచి చూస్తే చివరింటి మేడ కిటికీ కనిపిస్తుంది. అక్కడ చిన్న పసుపు వెలుగు. కొవ్వొత్తి కాబోలు. కదులుతోంది.

మెరెరిడ్ జుట్టు సరిచేసుకుంది. అంత చీకట్లోనూ సరిచేసుకుంది. కౌల్ గిన్నెకి గుడ్డ చుట్టి, టార్చి పట్టుకుని వెనకదారిన పరుగులాంటి నడకతో వెళ్ళింది. బొగ్గు పొగ, తడి ఉన్ని వాసన. పెరటి తలుపు తీసే ఉంది.

"ఇంట్లో మనుషులున్నారా?"

పైనుంచి మెల్లగా జవాబొచ్చింది.

"లోపలికి రా."

వంటిల్లు దాటింది. లోపల బయటికంటే చలి. నోట్లోంచి ఆవిరొస్తోంది. మెట్లెక్కుతూ తనే మాట్లాడేసింది.

"చూశావా? వెళ్తానన్నావు. మా వాన నిన్ను వెళ్ళనివ్వలేదు."

"వెళ్ళనివ్వలేదు..." పైన గొంతు.

"తిన్నావా?"

"ఎప్పుడో..."

గెథిన్ గది తలుపు తోసింది. పరుపు చుట్టేసి ఉంది. బల్ల ఖాళీ. సంచి లేదు, తడిసిన బూట్లు లేవు. కొవ్వొత్తి కూడా లేదు. వెలుగు గది బయట నడవాలోంచి వస్తోంది. అటక మూత తెరిచి ఉంది, నిచ్చెన కిందికి దించి ఉంది. వెలుగు ఆ కంతలోంచి కారుతోంది.

"అటక మీదేం చేస్తున్నావు?"

"వింటున్నాను."

"ఏం వింటున్నావు?"

"నిన్ను. రోజూ."

ఆమెకి ఒళ్ళు ఝల్లుమంది. సిగ్గో, సంతోషమో. నిచ్చెన మొదటి మెట్టు మీద కాలు పెట్టింది. అప్పుడు... అప్పుడు తట్టింది.

అతను "ఎవరది?" అనలేదు.

లోపలికి రా అన్నాడు. ఈ వీధిలో ఆ మాట అనేవాళ్ళు ముగ్గురే. పిన్ని స్వాన్సీలో ఉంది. మామ్మ మట్టిలో ఉంది. మూడోది తను.

"గెథిన్?"

పైన వెలుగు కదలడం మానేసింది.

"పైకి రా. నువ్వూ ఒక్కదానివేగా."

గిన్నె చేతిలోంచి జారింది. మెట్లు దిగిందో దొర్లిందో... వాన మొహాన కొట్టింది. తన పెరట్లోకొచ్చి పడింది. తలుపు వేసింది, గడియ పెట్టింది. వీపు తలుపుకానించి నిలబడింది. గాలి. గోడ గడియారం. ఇంకేం లేదు.

కాసేపు ఏం లేదు.

తర్వాత పైన... దూరంగా... చివరింటి వైపు నుంచి... అటక చెక్కలు కిర్రుమన్నాయి.

తొందర లేని నడక. ఒక్కో ఇంటి మీదుగా. ఆగుతూ... నడుస్తూ... ఆగుతూ. ఖాళీ ఇళ్ళ దగ్గర ఆగి ఎవరైనా ఉన్నారేమోనని చూసుకుంటూ వస్తున్నట్టు.

అటక ఒకటే! మెరెరిడ్ మెట్లెక్కింది. తన అటక మూతకి చిన్న కొక్కెం ఉంది. స్టూలు లాక్కుని ఎక్కింది. చీకట్లో కొక్కెం దొరకలేదు. మళ్ళీ తడిమింది. పడింది. కొక్కెం పడిన చప్పుడుకి పైన నడక ఆగిపోయింది. సరిగ్గా ఆమె నెత్తి మీద. తడి సున్నం వాసన, ఎప్పటిదో ఆరిపోయిన మైనం వాసన. మూత సందుల్లోంచి సన్నగా పసుపు వెలుగు ఆమె చేతుల మీద గీతలు గీసింది.

గుసగుసగా, ఎంతో మర్యాదగా...

"ఇంట్లో మనుషులున్నారా?"

ఆమె కదల్లేదు.

"ఇంట్లో... మనుషులున్నారా?"

ఈసారి గొంతు కొంచెం వణికింది. ఆ వణుకు ఆమెకి తెలుసు. సెప్టెంబరు నుంచి రోజూ సాయంత్రం ఖాళీ ఇంటి తలుపు తీసి, ఎవరూ పలకరని తెలిసీ అడిగేటప్పుడు తన గొంతు అలాగే వణికేది. అయ్యో అనిపించింది. అంత భయంలోనూ అయ్యో అనిపించింది. ఒక్క మాట. ఆ ఒక్క మాట అంటే ఈ రాత్రికి ఇంట్లో తను ఒక్కతే ఉండదు. ఆ మాట నాలుక చివర దాకా వచ్చింది. పళ్ళు బిగించింది.

"ఇంట్లో..."

మెరెరిడ్ రెండు చేతులతో నోరు గట్టిగా మూసుకుంది. పెదవులు పళ్ళకి గుచ్చుకుని ఉప్పగా రక్తం తగిలింది. ఊపిరి కూడా బయటికి పోనివ్వలేదు.

కింద వంటింట్లోంచి, తేటగా, ఆమె గొంతే పలికింది.

"ఉన్నాం. లోపలికి రా."

పసుపు వెలుగు ఆమె చేతుల మీంచి జరిగిపోయింది. కొక్కెం వేసినట్టే ఉంది. మూత కదల్లేదు. అయినా పైన ఇక ఎవరూ లేరు.

కింద, బల్ల దగ్గర, ఎవరో కుర్చీ లాగారు.

ఇంకో కుర్చీ లాగారు.

కాసేపాగి, నెమ్మదిగా, మూడోది కూడా, ఆమె కోసం.