అంచున పడ్డ సిపాయి

హనుమకొండ చౌరస్తా దగ్గర మాది ఫొటో ఫ్రేముల షాపు. నాన్న తర్వాత నేనే నడుపుతున్నాను.

మొన్న వానాకాలంలో ఓ మధ్యాహ్నం సారంగపాణి ఒక బొమ్మ తెచ్చాడు. తను కట్టిన కొత్త లాడ్జి గోడకు పెట్టాలని హైదరాబాద్‌లో కొన్నాడట. ఎప్పుడో నూటయాభై ఏళ్ల కింద ఇంగ్లీషు పత్రికలో అచ్చయిన యుద్ధం బొమ్మ. అన్నీ సన్నటి నల్లగీతలే. మధ్యలో డోలీలో గాయపడ్డ తెల్లదొర. తలకు శుభ్రమైన కట్టు, మూసిన కళ్లు... నిద్రపోతున్నంత అందంగా ఉన్నాడు. చుట్టూ డాక్టర్లు. ఎడమ అంచున, బురదలో, మన సిపాయి ఒకడు. మోకాలి కింద కాలు లేదు. డోలీ వైపు చెయ్యి చాచాడు. అతని వైపు ఎవరూ చూడటం లేదు.

"ఈన్ని కోసెయ్ చెల్లె," అన్నాడు సారంగపాణి. "లాడ్జికొచ్చేటోళ్లు తెగిన కాలు చూస్తరా? దొరొక్కడుంటే చాలు. నేను చాయ్ తాగొస్త."

అతను వెళ్లగానే వాన దంచింది. కరెంటు పోయింది. జల్లు కొడుతుంటే షట్టర్ సగం దించి, ఫోన్ లైటు వేసుకుని, బొమ్మ మీద స్టీలు స్కేలు పెట్టాను.

ముందు తడి మట్టి వాసన. తర్వాత కాలిన మందుగుండు వాసన. దాని కింద ఇంకేదో... కుళ్లిన పుండు వాసన.

కట్టర్ ఆనించాను. వేళ్ల కింద కాగితం వెచ్చగా ఉంది. ఎవరో మూలిగారు.

లైటు దగ్గరికి జరిపాను. సిపాయి చెయ్యి ఇప్పుడు డోలీ వైపు లేదు. నా వైపు ఉంది.

దొర కళ్లు తెరిచాడు.

ఏదో అన్నాడు. ఆ భాష నాకు రాదు. కానీ అది హుకుం అని తెలుస్తూనే ఉంది. నా కుడిచెయ్యి కదిలింది... నేను కదపలేదు. కట్టర్ దానంతట అదే సిపాయి భుజం వైపు జారుతోంది.

ఎడమ అరచెయ్యి సిపాయి మీద కప్పేశాను.

"కొయ్య," అన్నాను గుసగుసగా.

దొర గట్టిగా అరిచాడు. అద్దాలన్నీ అదిరాయి.

"కొయ్యనంటే కొయ్య! గాడ నీ మాట నడిచింది. ఇది నా షాపు!"

బ్లేడు నా చేతి మీదుగా పోయింది. చెయ్యి తియ్యలేదు. మళ్లీ పోయింది. తియ్యలేదు.

కరెంటొచ్చింది.

రక్తం చూడలేక చున్నీ చుట్టేసుకున్నాను. అప్పుడే సారంగపాణి వచ్చాడు. బొమ్మ చూసి గుమ్మంలోనే ఆగిపోయాడు. దొర కళ్లు ఇంకా తెరిచే ఉన్నాయి. సిపాయి ఉన్నచోటే ఉన్నాడు.

"పెద్ద ఫ్రేము కడ్తనన్నా. ఆ సిపాయిని మాత్రం కొయ్య."

"నాకొద్దు తల్లీ... నువ్వే ఉంచుకో," అని వానలోకే పోయాడు.

బొమ్మను గోడకు తగిలించి, దొర కళ్లలోకి సూటిగా చూసి, షాపు మూసి దవాఖానకు పోయాను.

సిస్టర్ చున్నీ విప్పి ఆగిపోయింది. "కుట్లెవరేసిన్రమ్మా?"

"ఎవరేస్తరు? ఇప్పుడే తెగింది."

వంగి చూసింది. "ఇది దారం గాదు... గుర్రం వెంట్రుక లెక్కున్నది. ఎనుకట యుద్ధాలల్ల గిట్ల కుట్టేటోళ్లట."

కత్తెర తీసింది. కుట్ల నుంచి ఆ బొమ్మలోని మందుగుండు వాసనే వచ్చింది. నేను చెయ్యి వెనక్కి గుంజుకున్నాను.

"ఉండనియ్ సిస్టర్."

మేమిద్దరం చూస్తుండగానే ఆఖరి ముడి, ఎవరో లాగినట్టు, మెల్లగా బిగిసింది.