తీసేసిన స్టాండు

సుజుకా బైకు రేసుల సర్క్యూట్ గేటు ఎదురుగా, టీ కొట్టు మీది గదిలో ప్రైవేట్ డిటెక్టివ్ కుజిమె అన్నం ముద్ద తింటోంది. కిటికీ దగ్గరున్న ఆమె సహాయకుడు ఒకాబె వెనక్కి తిరిగాడు.

"గురువుగారూ, ఎవరో హెల్మెట్ కూడా తీయకుండా మెట్లెక్కుతున్నారు."

"అయితే తొందర పనే. ఇంకో బార్లీ టీ చెప్పు."

వచ్చింది ఉసామి కనాయె, ఒక గ్యారేజీ యజమానురాలు. రోడ్డు మీద తిరిగే బండిని ట్రాక్ కోసమే మార్చుకుంది. లైట్లు, అద్దాలు, పక్క స్టాండు తీసేసి, వైర్లన్నీ కొత్తగా చుట్టించింది. మొన్నటిదాకా గాలిలా పోయిన బండి ఈ ఉదయం స్టార్టవుతోంది గానీ, గేరు వేయగానే ఆగిపోతోంది. మధ్యాహ్నం ప్రాక్టీసులో తిరక్కపోతే ఆదివారం పోటీకి రానివ్వరు. మళ్లీ పోటీ ఆకులు రాలే కాలంలోనే. ఇది తనను వదిలి పక్క టీములో చేరిన పాత మెకానిక్ నబెషిమ పనేనని ఆమె అనుమానం.

ముగ్గురూ ట్రాక్ దగ్గరికి వెళ్లేసరికి బండి దగ్గర కనాయె మెకానిక్ హతానో ఉన్నాడు. పోటీ అయ్యేదాకా ఉంటానని మాటిచ్చాడట; ఆ తర్వాత హొక్కయిడోలోని అన్న దగ్గరికి వెళ్లిపోతాడు. బ్యాటరీ, పెట్రోలు పంపు, క్లచ్ స్విచ్ అన్నీ చూశానని, ఏమీ తేలలేదని చెప్పాడు.

కుజిమె నబెషిమను పిలిపించింది.

"బండి ముట్టుకున్నావా?"

"ముట్టుకుంటే కనాయె గారు నా చెయ్యి విరిచేస్తారండీ."

"ఆమె దగ్గర ఎందుకు మానేశావు?"

"టేపు చుట్టిన ప్రతిసారీ కొస మడవమంటారు. తర్వాత విప్పేవాడికి గోరు ఆనాలట. నేను కత్తితో కోసేస్తాను. రోజూ తిట్లే."

కుజిమె మోకాళ్ల మీద కూర్చుని వైర్లు తడిమింది. ఒకచోట ఆగి, అందరినీ దగ్గరికి రమ్మంది.

"స్టాండు తీసేశారు కాబట్టి దాని గురించి ఎవరూ ఆలోచించలేదు. బండి కంప్యూటర్ మాత్రం దాన్ని మర్చిపోలేదు. స్టాండు పైకే ఉందని నమ్మించడానికి ఇక్కడొక చిన్న తీగ ముక్క ఉండాలి. అది లేకపోతే, స్టాండు కిందికే ఉందనుకుని గేరు పడగానే ఇంజిన్ ఆపేస్తుంది."

ఆమె టేపు కొస పట్టి లాగింది. లోపల తీగ లేదు.

"టేపు కొత్తది. కొస మడిచి ఉంది. చెడగొడుతూ కూడా, బాగుచేసేవాళ్ల గోరు గురించి ఆలోచించిన మనిషి ఇది చేశాడు. అంటే నబెషిమ కాదు. హతానో గారూ, అన్నీ చూశానన్నారు, స్టాండు మాట మాత్రం ఎత్తలేదు."

హతానో జేబులోంచి తీగ ముక్క తీశాడు.

"పోటీ తప్పితే ఇంకొన్నాళ్లు ఉండొచ్చనుకున్నా."

కనాయె అతని వైపు తిరిగింది. "ఉండాలనుంటే నోటితో చెప్పలేవా?"

"మా అన్నకి ఫోన్ చేసి పంపిస్తున్నానన్నది మీరే కదా."

"ఇంటి మీద బెంగ పెట్టుకున్నావనుకున్నాను రా, మొద్దూ. ఆ తీగ పెట్టు. మీ అన్నకి మళ్లీ నేనే చేస్తా."

"ఏమని?"

"పంపడం లేదని."

నబెషిమ నిట్టూర్చాడు. "అయితే ఆదివారం మాకు రెండో స్థానమే."

హతానో తీగ బిగించాక కనాయె బండెక్కి గేరు వేసింది. ఇంజిన్ ఆగలేదు. బండి మలుపు తిరిగి కనుమరుగైంది. హతానో చెయ్యి ఊపలేదు. ట్రాక్ మీద వెళ్లిన బండి చుట్టు తిరిగి వాళ్లు నిలబడ్డ ఈ పక్క గోడ ముందుకే రావాలి. అతను గోడకు మోచేతులు ఆనించి, అది వచ్చే వైపుకి తిరిగి నిలబడ్డాడు.