చిన్న ఫోన్లకే కనబడిన పేరు

ఏడుస్తూ వచ్చే క్లయింట్లను ఎలికెమ్ చాలామందినే చూశాడు. తమ ఆఫీసు మీదే ఫిర్యాదు పట్టుకొచ్చిన క్లయింటును చూడటం మాత్రం అదే మొదలు.

ఆవిడ పేరు జిబోర్డి. హో పట్టణం బజారులో బట్టలు కుడుతుంది. మెడలో కొలతల టేపు తీయడం కూడా మరిచిపోయి వచ్చింది. కుర్చీ చూపిస్తే కూర్చోలేదు. తన బటన్ల ఫోను బల్ల మీద పెట్టి, "ఇది మీ వెబ్‌సైటే కదా, చదవండి మేడమ్," అంది.

కఫుయి చదివింది. పోలీసు ఉద్యోగం వదిలి ఈ ప్రైవేటు డిటెక్టివ్ ఆఫీసు పెట్టాక ఆమె మొహంలో రంగు మారడం ఎలికెమ్ ఎన్నడూ చూడలేదు. ఇప్పుడు మారింది. ఫోను అతని వైపు తిప్పింది.

"బ్యాంకు గుమస్తా మావుటోర్ రోజూ టై కట్టుకుని బయల్దేరేది బ్యాంకుకు కాదు, క్పెవే బస్టాండుకు. ఉద్యోగం పోయిన సంగతి ఇంట్లో చెప్పలేక అక్కడ మూటలు మోస్తున్నాడు. అతని భార్య కోరితే మేము కనిపెట్టిన నిజమిది."

నిరుడు ఆ కేసు చూసింది కఫుయి, ఎలికెమ్ ఇద్దరే. నిజం విన్న రోజు జిబోర్డి ఒక్కటే అడిగింది, తనకు తెలిసినట్టు మొగుడికి తెలియనివ్వొద్దని. చెప్పుకోవాలనిపించిన నాడు ఆయనే చెప్పుకుంటాడని. కఫుయి మాట ఇచ్చింది.

"నిన్న బస్టాండులో ఒక కుర్రాడు ఇది పైకి చదివాడట," అంది జిబోర్డి. "'టై మేష్టారూ, ఈ మూట ఎత్తుతారా' అని అందరూ నవ్వారట. ఆయన అటునుంచి అటే వాళ్ళ అక్క ఇంటికి పోయాడు. వెళ్తే నాకు తలుపు తీయలేదు. నేనే ఊరంతా చాటానని అనుకుంటున్నాడు మేడమ్. నేను నోరు విప్పలేదు. ఆ మాట ఆయనకు మీరే చెప్పాలి, లేకపోతే నాకింక కాపురం లేదు."

కఫుయి తన అసిస్టెంటు ఎలికెమ్ వైపు చూసింది. "సైటు జనానికి తెరవక ముందే ఆ నమూనా కేసులన్నీ తీసెయ్యమన్నాను కదా?"

"ఆ రోజే తీసేశాను మేడమ్. మీరే చూడండి."

ల్యాప్‌టాప్ తెరిచాడు. పేజీలో నాలుగు గడులు గీత గీసినట్టు నిలబడి ఉన్నాయి. ఆ సైటంటే అతనికి ప్రాణం. ఎవరి దగ్గరా నేర్చుకోకుండా ఇంట్లో కూర్చుని కట్టాడు. ఒక బ్రౌజర్లో సరిచేస్తే ఇంకో బ్రౌజర్లో గడులు ఒకదాని మీద ఒకటి ఎక్కి కూర్చునేవి. బొమ్మ జరిపితే ఫోన్ నంబరు దాని కింద మాయమయ్యేది. తిండీ తిప్పలూ మాని, రెంటిలోనూ ఒక్కలా కనబడేదాకా వదల్లేదు. ఇప్పుడా రెండు బ్రౌజర్లూ పక్కపక్కన తెరిచి చూపించాడు. మావుటోర్ పేరు ఎక్కడా లేదు.

"ఎవడో చొరబడ్డాడు మేడమ్. అగ్బెకో అయి ఉంటాడు."

"ఆధారం?"

"సైటు ఎక్కించింది వాడి దుకాణం నుంచే. పాస్‌వర్డ్ వాడికి తెలుసు. తనకు రావలసిన పని నేను చేసేశానని వాడికి కడుపుమంట."

అగ్బెకో ఇంటర్నెట్ దుకాణం పక్క సందులోనే. లోపల జనం కిటకిటలాడుతున్నారు. కఫుయి సంగతి చెప్పి అడిగింది, అతను దాచకుండా చెప్పాడు.

"పాస్‌వర్డ్ తెలుసా?"

"తెలుసు మేడమ్. ఇతనే రాసి ఇచ్చాడు."

"ఎప్పుడైనా లోపలికి వెళ్ళావా?"

"నాకేం పని? ఇదిగో, నా కంప్యూటర్లో చూడండి. ఆ మాటలు ఇక్కడా లేవు. అయినా నిరుటి మీ కేసు సంగతి నాకెట్లా తెలుస్తుంది? ఆ కాగితాలు మీ బీరువాలో కదా ఉండేది?"

"దొంగ ముందు ఆనవాళ్ళే చెరుపుకుంటాడు," అన్నాడు ఎలికెమ్, దుకాణమంతా వినబడేటట్టు. "చేసేది దొంగపని, పైగా మమ్మల్నే అడుగుతున్నావా?"

అగ్బెకో మొహం మాడిపోయింది. కుర్చీల్లోవాళ్ళు ఇటు తిరిగి చూశారు. కఫుయి మాత్రం ఆ చివరి మాటలు విననట్టే బయటికి నడిచి, బజారులో పడింది.

అక్కడ ఆమె చేసిన పని ఎలికెమ్‌కు అంతు పట్టలేదు. కనబడినవాళ్ళనల్లా ఫోను అడిగి, అందులో సైటు తెరిపించింది. బట్టల షావుకారు పెద్ద ఫోన్లో మావుటోర్ పేరు లేదు. ఆవిరి మీద మొక్కజొన్న అబోలో వండి అమ్మే ముసలమ్మ బటన్ల ఫోన్లో ఉంది. జనాన్ని ఎక్కించుకు తిరిగే ట్రోట్రో వ్యాను కండక్టరు పగిలిన ఫోన్లోనూ ఉంది.

"ఇంటర్నెట్టు దేంట్లో చూస్తావమ్మా?" అని అడిగింది కఫుయి ముసలమ్మను.

"డేటా తక్కువ తినేదుంది కదా తల్లీ, దాంట్లోనే. మా బీదాబిక్కీ అంతా అదే. బొమ్మలూ రంగులూ రావు. మాటలొస్తే చాలదూ?"

ఎలికెమ్ ఆ ఫోన్లోకి తొంగిచూసి మొహం చిట్లించాడు. తన గడులు లేవు, రంగులు లేవు. అక్షరాలన్నీ ఒకదాని కింద ఒకటి సంతలో మూటల్లా పడి ఉన్నాయి. "ఈ డొక్కు బ్రౌజర్లో చూస్తే ఎవరి సైటైనా ఇంతే మేడమ్."

"నువ్వెప్పుడైనా ఇందులో చూశావా?"

"దేనికి మేడమ్? మన క్లయింట్లు..."

"ఊఁ. మన క్లయింట్లు ఎవరు ఎలికెమ్?"

జిబోర్డి బటన్ల ఫోను అతని కళ్ళముందు మెదిలింది. తనంతట తానే ఏదైనా చెబుతాడేమోనని కఫుయి ఒక క్షణం ఆగి, ఆ తరువాత నేరుగా మావుటోర్ అక్క ఇంటికి దారితీసింది. అగ్బెకోనూ జిబోర్డినీ అక్కడికే రమ్మని కబురు పెట్టింది.

మావుటోర్ బయటికి రావడానికి చాలా బతిమాలవలసి వచ్చింది. వచ్చి, పెళ్ళాం వైపు చూడకుండా వాకిట్లో స్టూలు మీద కూర్చున్నాడు. మర్యాదస్తుడు. ఆ స్థితిలో కూడా కఫుయికి మంచినీళ్ళు తెప్పించాడు.

"ఈ మాటలు ఎవరూ కొత్తగా పెట్టలేదు," అంది కఫుయి. "మొదటినుంచీ అక్కడే ఉన్నాయి. కొందరికి కనబడ్డాయి, కొందరికి కనబడలేదు. అగ్బెకో చొరబడి రాసి ఉంటే అందరికీ కనబడాలి. జిబోర్డి చాటి ఉంటే నోటిమాటగా పాకాలి, మా సైటులోకి ఎలా ఎక్కుతుంది? పెద్ద ఫోన్లు పేజీని అలంకారంతో సహా చూపిస్తాయి. చిన్న ఫోన్లలోని బ్రౌజర్ డేటా మిగల్చడానికి అలంకారం ఊడదీసి ఉత్త మాటలే చూపిస్తుంది. అంటే ఈ మాటల మీద ఎవరో అలంకారంతోనే ముసుగు కప్పారు. ముసుగు ఊడినచోట మాటలు బయటపడ్డాయి."

గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు ఎలికెమ్ చెయ్యి దానంతటదే మెడ మీదికి పోయింది. కఫుయి మెల్లగా అంది, "మిగతాది నువ్వు చెబుతావా, నన్నే చెప్పమంటావా?"

భూమి చీలితే అందులోకి దిగిపోదామనిపించింది. లేచి నిలబడ్డాడు.

"నేనే రాశానండీ. మా మేడమ్ తెలివి లోకానికి తెలియాలని రాశాను. పేరు లేకపోతే నమ్మరేమోనని పేరు కూడా వేశాను. మేడమ్ తీసెయ్యమన్నారు. ఆ కేసు ఉన్న గడి తీస్తే ఒక బ్రౌజర్లో మిగతావన్నీ కూలిపోయాయి. అంత కష్టపడి కట్టింది కదా, మనసొప్పలేదు. అందుకని చెరపకుండా, కనబడకుండా చేసి ఊరుకున్నాను. నా ల్యాప్‌టాప్‌లో పోయింది కదా, పోయిందనే అనుకున్నాను."

"పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగినట్టు," అంది కఫుయి. "అయితే నేనూ తక్కువ తినలేదు. తీశావా అని అడిగాను, నా కళ్ళతో చూసుకోలేదు. మాట ఇచ్చింది నేను. సిగ్గుపడవలసింది మేమిద్దరం."

"నన్ను నలుగురిలో దొంగన్నావు," అన్నాడు అగ్బెకో.

"అన్నా, ఆ నలుగురి ముందే తప్పొప్పుకుంటాను," అన్నాడు ఎలికెమ్.

మావుటోర్ ఇవేవీ వింటున్నట్టు లేడు. మొదటిసారి భార్య వైపు తిరిగాడు. "అయితే నిరుటినుంచీ నీకు తెలుసా?"

"తెలుసు."

"నా వెనక మనిషిని పెట్టావు. నన్నే అడగొచ్చు కదా."

"అడిగితే అబద్ధం చెప్పేవాడివి. అది నీ నోట వినలేక పెట్టాను."

అతను తల వంచుకున్నాడు. జిబోర్డి వెళ్ళి ఆ స్టూలు పక్కన నేల మీద కూర్చుంది. చూసేవాళ్ళకే ఎక్కడ చూడాలో తెలియలేదు.

ఎలికెమ్ అక్కడే ల్యాప్‌టాప్ తెరిచి, ఆ గడిని ఈసారి నిజంగానే చెరిపేశాడు. గడులన్నీ కుప్పకూలాయి. బొమ్మ వచ్చి ఫోన్ నంబరు మీద కూర్చుంది. సరిచేయాలని కూడా అనిపించలేదు. "ఒకసారి మీ ఫోన్లో చూడండి సార్," అన్నాడు.

మావుటోర్ తన చిన్న ఫోన్లో పేజీ మొదలంటా చదివాడు.

"పోయింది," అన్నాడు. తరువాత, కోపమేమీ లేకుండానే అడిగాడు: "బస్టాండులో చదివినవాళ్ళ బుర్రల్లోంచి ఎట్లా తీస్తావు నాయనా?"

ఎలికెమ్ ల్యాప్‌టాప్ మూసేశాడు. మావుటోర్ లేచి చెప్పులు వేసుకున్నాడు. "పద," అన్నాడు భార్యతో. ఇద్దరూ వాకిలి దాటి వెళ్ళిపోయారు.

కఫుయి కూడా లేచింది. "రేపు పొద్దున్నే క్పెవే బస్టాండుకు వెళ్ళు."

"వెళ్ళి ఏం చెప్పను మేడమ్?"

"ముందు నీ పేరు చెప్పు. తరువాత, ఆ మాటలు రాసింది నేనేనని చెప్పు. నవ్వినంతసేపు నవ్వనీ, అక్కడే నిలబడు."