ఆరో టికెట్

"చెక్క కోస్టర్ అంటే పాత ఎర్రబస్సు ఎక్కినట్టే. బొక్కలన్నీ కదులుతయ్," అన్నాడు అభిరామ్.

సరయు కాఫీ కప్పు ఠక్కున కింద పెట్టింది. "ఎక్కి మాట్లాడుతున్నావా, వీడియో చూసి మాట్లాడుతున్నావా?"

"ఎక్కే చెప్తున్న."

సింగపూర్ పాయా లెబార్‌లో ఒక కాఫీ షాపులో ప్రతి శనివారం కలిసే రోలర్ కోస్టర్ పిచ్చివాళ్ల గుంపులో అతడు చేరిన మొదటి రోజది. కరీంనగర్ అబ్బాయి, ఇక్కడ బ్యాంకులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. సరయు తాతల కాలం నుంచీ సింగపూర్‌లోనే ఉన్న ఇంటి పిల్ల. యూరప్‌లో ఏ పార్కు కొత్త రైడ్ తెరిచినా దాని ఎత్తు, వేగం, ఎన్నిసార్లు తలకిందులు చేస్తుందో గడగడా చెప్పేస్తుంది.

జర్మనీ కోస్టరా, పోలండ్ కోస్టరా, ఏది గొప్పని ఇద్దరూ నాలుగు నెలలు వాదించుకున్నారు. బుధవారం నుంచే ఆమెకు కాలు నిలిచేది కాదు. శనివారం కోసం ఆ ఆరాటం రైడ్ల గురించి కాదని తెలుస్తున్నా ఒప్పుకోలేదు.

జూన్‌లో గుంపులోని ఆరుగురూ జర్మనీ వెళ్దామనుకున్నారు. తీరా టికెట్లు తీసుకునే ముందు రోజు గ్రూపులో అభిరామ్ మెసేజ్: "నేను వస్తలేను."

సరయు ఫోన్ తీసింది, పెట్టింది, మళ్లీ తీసింది. ఆఫీసు అవగానే ఉండబట్టలేక టోవా పాయోలో అతడి ఫ్లాట్ కిందికి వెళ్లింది. బయట వాన. లిఫ్ట్ ముందు అటూ ఇటూ తిరుగుతుంటే అతడే దిగాడు.

"నాతో గొడవలు పడలేక మానేశావా? స్ట్రెయిట్‌గా చెప్పు లా," అంది, కోపంలో సింగపూర్ యాస తన్నుకొచ్చి.

"గొడవ కాదు." అతడు మెడ వెనక తడుముకున్నాడు. "నిరుడు ఊరికి పోయినప్పుడు బైక్ మీదికెళ్లి పడ్డ. మెడల ప్లేట్ ఏసిండ్రు. ఇంక కోస్టర్ ఎక్కద్దన్నడు డాక్టర్."

"మరి ప్రతి శనివారం ఎందుకొచ్చావ్?"

"మొదట్ల పాత పిచ్చి పోక వచ్చిన. నువ్వు చెప్తుంటే నేను ఎక్కినట్టే ఉండె. తర్వాత తర్వాత..." అతడు వాన వైపు చూశాడు. "రైడ్ ముచ్చట ఇనుడు బంజేసిన. నిన్నే చూసుకుంట కూసున్న. అసలు సంగతి చెప్తే గ్రూపుల ఉండనియ్యరని భయమైంది."

సరయు వచ్చి అతడి పక్కన నిలబడింది. మెల్లగా అంది. "ఇప్పటికి పంతొమ్మిది రైడ్లు ఎక్కాను. దిగిన ప్రతిసారీ ఎవరికైనా చెప్పాలని గుండె కొట్టుకునేది. చూస్తే కింద నా కోసం ఎవరూ ఉండేవాళ్లు కాదు."

అతడు ఆమె వైపు తిరిగాడు.

"టికెట్ తీసుకో, అభిరామ్. నువ్వు ఎక్కొద్దు. కింద నిలబడు."

"అందరి బ్యాగులు పట్టుకోనీకా?"

"నా కోసం."

అతడు ఫోన్ తీసి, గ్రూపులో "వస్తున్న" అని కొట్టి, పంపేముందు ఆమెకు చూపించాడు. ఆమే తన వేలితో పంపేసింది.

వాన తగ్గేదాకా ఆగుదామని ఇద్దరూ అక్కడున్న బెంచీ మీద కూర్చున్నారు. తగ్గింది. అయినా లేవలేదు.